పక్క సీటు బ్రేకు

మార్చి 3

మాస్టారు పోయారు. నాకింకా రివర్స్ రాలేదు.

మార్చి 4, ఉదయం

నిన్న రాసింది మళ్ళీ చదివితే నాకే ముచ్చటేసింది. ఒక మనిషి చావుని ఇంతకంటే క్లుప్తంగా, ఇంతకంటే స్వార్థంగా రాయడం కష్టం. పరుపుల కంపెనీకి ప్రకటనలు రాసే నా ఉద్యోగం వృథా పోలేదు.

అయినా ఎవరూ చదవని డైరీలో కూడా కాస్త మర్యాద ఉండాలి గనక వివరంగా నమోదు చేయడమైనది. పోయినవారు: డ్రైవింగ్ స్కూలు యజమాని, ప్రధాన శిక్షకుడు, వయసు అరవై. వెనక మిగిలినవారు: భార్య, ఏడేళ్ళ కూతురు, పక్క సీటు కింద కూడా బ్రేకు ఉన్న తెల్ల కారు, రివర్స్ రాని విద్యార్థులు కొందరు. ఆ విద్యార్థుల్లో ఒకడు ఆయనకి మొదటి భార్య వల్ల పుట్టిన కొడుకు. ఆ సంగతి ఆ స్కూల్లో ఎవరికీ తెలియదు, వాడికి తప్ప. వాడు ప్రస్తుతం మంచం మీద బోర్లా పడుకుని డైరీ రాస్తున్నాడు.

రాసేశాను. పెన్ను ఆగలేదు. పిడుగూ పడలేదు.

మార్చి 4, సాయంత్రం

స్టూడెంట్స్ గ్రూపు తెరిస్తే ఫోను తడిసిపోయేలా ఉంది. నాతోపాటు చేరిన పార్లర్ అక్క (బ్యూటీ పార్లర్ నడుపుతుంది, అందుకే ఆ బిరుదు) ఏడుస్తూ వాయిస్ మెసేజ్ పెట్టింది. మాస్టారు కుటుంబమే ప్రాణంగా బతికిన మనిషట. ఇంకొకాయన, లేటు వయసులో తండ్రయినా తండ్రంటే ఎలా ఉండాలో లోకానికి చూపించిన మహానుభావుడు అని రాశాడు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా.

లోకం సంగతేమో గానీ నాకు చూపించలేదు. అదే మాట టైపు చేశాను. రెండో ప్రయత్నంలో బాగా చేశారు, మొదటిది ప్రాక్టీసు అని కూడా చేర్చాను. మొత్తం చెరిపేసి చేతులు జోడించిన బొమ్మ పెట్టాను.

పిరికితనం మా ఇంట్లో ఎవరి వైపు నుంచి వచ్చిందో ఇక్కడ రాయనక్కరలేదు.

మార్చి 6

ఎలా పోయాడో ఇవాళ తెలిసింది. చెప్పింది చిన్న మాస్టారు, అంటే స్కూల్లో రెండో శిక్షకుడు. మనిషి ఆరడుగులు ఉంటాడు, అసిస్టెంటు గనక చిన్న.

ఆ రోజు మా తోటి స్టూడెంటు, ఫార్మసీ చదివే కుర్రాడి క్లాసట. మాస్టారి మధ్యాహ్నం క్లాసులన్నీ, ఏ రోడ్డున బయల్దేరినా, చివరికి పాప స్కూలు గేటు దగ్గర తేలేవి. కుర్రాడు ఇంజన్ ఆపి ఫోను మాట్లాడుకోవడానికి దిగాడు. మాస్టారు పక్క సీట్లోనే కూర్చున్నారు. పిల్లలు బయటికొచ్చి రోడ్డు దాటుతున్నారు. కారు వెనక ఎర్ర లైటు వెలుగుతోంది. పిల్లలంతా దాటేశారు, గేటు ముందు ఎవరూ లేరు, లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. స్కూలు వాచ్‌మన్ వచ్చి, ఆపిన బండికి బ్రేకెందుకు సార్, బ్యాటరీ దిగిపోదా అంటూ అద్దం మీద తట్టాడట. అప్పటికే అయిపోయింది. కాలు బ్రేకు మీద బిగుసుకుపోయి ఉందట.

పిల్లలు రోడ్డు దాటేటప్పుడు మాస్టారు రోజూ అలాగే తొక్కి పట్టుకునేవారని చెబుతూ చిన్న మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు. కదలని కార్లో కూర్చుని, ఎవరి పిల్లలైనా సరే, ఆఖరి పిల్ల అవతలికి చేరేదాకా కాలు తీసేవారు కాదట. అందరూ అయ్యో అన్నారు. నేనూ అన్నాను. లోపల మాత్రం, ఈయన జీవితానికి ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు అనుకున్నాను. ఆగి ఉన్న కారుకి బ్రేకు వేశాడు. తను వెళ్ళిపోతున్నప్పుడు వెయ్యాలని తోచలేదు.

పాప అప్పటికి కారు దాకా వచ్చేసిందట. వాచ్‌మన్ దాన్ని మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి, మీ నాన్న నిద్రపోయాడమ్మా, బొమ్మ గియ్యి అని కూర్చోబెట్టాడట.

ఈ ముక్కకి జోకు దొరకలేదు. వెతికాను.

మార్చి 7

ఈ స్కూల్లో నేనెలా పడ్డానో రాసిపెట్టాలి. రేపు ఎప్పుడైనా నాకే అనుమానం రావచ్చు.

నాకు రెండేళ్ళు రాకముందే ఆయన వెళ్ళిపోయాడు. నేను నడవడం మొదలుపెట్టిన నెలలోనే అని అమ్మ అంటుంది. ఇంట్లో మగవాళ్ళిద్దరికీ ఒకేసారి నడక వచ్చిందన్నమాట. తర్వాత విడాకులు. తర్వాత ఏమీ లేదు. ఫోను లేదు, దారిన పోతూ పలకరింపు లేదు. అమ్మ తిట్టనూ లేదు. అమ్మది ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం. గుచ్చే ముందు చెప్పి గుచ్చుతుంది, దూది పెట్టి గట్టిగా అదిమి పట్టుకోమంటుంది, ఇక దాన్ని గెలక్కు అంటుంది. నాన్న విషయంలోనూ నాకు అదే వైద్యం.

పోయిన ఏడాది చివర్లో ఆఫీసుకి వెళ్తుంటే నా స్కూటర్ ముందు ఒక తెల్ల కారు పాకుతోంది. హారన్ కొట్టాను. మళ్ళీ కొట్టాను. కారు వెనక అద్దం నిండా ఒక మొహం. కింద పెద్ద అక్షరాలతో, సహనమే మా ప్రత్యేకత. అమ్మ పెట్టెలో ఉన్న పాత ఫోటోలో నవ్వే నవ్వు అదే. జుట్టుకి వేసిన నలుపు మాత్రం కొత్తది. అన్నేళ్ళ తర్వాత మా నాన్న నాకు దర్శనమిచ్చింది ఇలాగ, ట్రాఫిక్‌కి అడ్డంగా, నవ్వుతూ.

మర్నాడే వెళ్ళి చేరాను. పేరడిగాడు. చెప్పాను. ఆ పేరు ఆయన పెట్టిందేనని అమ్మ ఎప్పుడో నోరు జారింది. తలెత్తి చూస్తాడేమోనని నిలబడ్డాను. ఆయన కళ్ళజోడు తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. పెట్టుకుని, రేపు పొద్దున రండి అన్నాడు. తను పెట్టిన పేరు కూడా గుర్తులేదు మహానుభావుడికి.

నా పథకం గొప్పది. డ్రైవింగ్ మొత్తం నేర్చుకుంటాను. ఆఖరి క్లాసులో కారుని రివర్స్‌లో తీసుకెళ్ళి గ్రౌండ్లో రెండు డ్రమ్ముల మధ్య నీటుగా నిలబెడతాను. తాళం ఆయన చేతిలో పెట్టి, థాంక్స్ నాన్నా అని దిగిపోతాను. ఆయన నోరు తెరుచుకుని ఉండిపోతాడు. నేను వెనక్కి చూడకుండా నడుస్తాను. ఆ నడక అద్దం ముందు రిహార్సల్ కూడా చేశాను. చాలా బాగా వచ్చింది.

రివర్సే రాలేదు. ఇప్పుడు ఆయనే వెళ్ళిపోయాడు, మళ్ళీ. రెండుసార్లూ నాకంటే ముందే.

మార్చి 8

ఆ కారు లోపలి సంగతి. ముందు అర తెరిస్తే బండి కాగితాల కంటే ముందు పాప జడ క్లిప్పులు ఒళ్ళో పడతాయి. సీటు వెనక జేబులో సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్. అద్దానికి వేలాడుతూ పాప రంగులేసిన అట్టముక్క చేప. ఈ చేప నాకు రోడ్డు కనపడనివ్వడం లేదండీ అని ఫిర్యాదు చేశాను. ఆయన దాన్ని వేలితో పక్కకి జరిపాడు. తియ్యలేదు. మలుపు తిరగ్గానే అది మళ్ళీ మధ్యకొచ్చి నన్ను చూసింది.

నోరు తెరిస్తే పాప. పాపకి ముందు పన్ను కదులుతోంది. పాపకి తీసివేతలంటే భయం. పాపకి రెండు జడలు వెయ్యడం వీడియో చూసి నేర్చుకున్నాడట. మొదట్లో ఒకటి చెవి పైకి, ఒకటి మెడ కిందికి పోయేదట. ఇప్పుడు కళ్ళు మూసుకుని వేస్తాడట. ఇదంతా నేను సెకండ్ గేర్లో చెమటలు కక్కుతుంటే చెప్పేవాడు.

ఒకరోజు నాలుగు రోడ్ల కూడలి మధ్యలో అన్నాడు, యాభై మూడేళ్ళకి తండ్రినయ్యానండీ, అంతకుముందు నాకేమీ తెలీదు అని. కారు నా కాళ్ళ కింద ఠక్కున చచ్చింది. వెనక హారన్లు. ఒకాయన కిటికీలోంచి నన్ను ఏదో అన్నాడు. ముప్పై ఆరేళ్ళకి తండ్రివయ్యావు, ఆ ఋజువు నీ స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది అని నేను నోరు తెరిచేలోపు, క్లచ్ తొందరపడి వదిలేశారు అన్నాడు ఆయన శాంతంగా. సహనమే ప్రత్యేకత కదా.

మార్చి 9

ఏడుపు రాలేదు. ప్రయత్నించాను కూడా. ఆవలింత వచ్చింది.

మార్చి 10

మేడమ్ ఫోన్ చేసింది. మేడమ్ అంటే మాస్టారి భార్య, స్కూలు ఆఫీసు చూసేది ఆవిడే. వరసకి నాకు పిన్ని అవుతుంది కాబోలు. ఆ వరస ఆవిడకి తెలియదు గనక మేడమ్.

ఆదివారం గ్రౌండ్లో సంతాప సభట. స్టూడెంట్ల తరఫున నువ్వే మాట్లాడాలి బాబూ అంది. నువ్వయితే నవ్విస్తావు, ఏడుపులు ఆయనకి ఇష్టం ఉండదు అంది. ఉండదు అన్నాక, ఉండేది కాదు అని తనే దిద్దుకుంది. 

సరే మేడమ్ అన్నాను.

ఫోను పెట్టేశాక గదిలో రెండు గెంతులు వేశాను. పథకం పోలేదు. ఆయన లేడు, నిజమే. కానీ ఆయన్ని మహానుభావుడన్న ఊరంతా కుర్చీలేసుకుని కూర్చుంటుంది, చేతికి మైకు నాకిస్తారు. ఇంతకంటే ఏం కావాలి.

మార్చి 11

ఆఫీసులో వెన్నునొప్పి పరుపు గురించి రాయాల్సిన సమయంలో ఉపన్యాసం రాశాను. మొదట నవ్వులు, మధ్యలో చేప, జడలు, మళ్ళీ నవ్వులు. ఆఖర్న ఇలా: మాస్టారు యాభై మూడేళ్ళకి తండ్రి కాలేదండీ, ముప్పై ఆరేళ్ళకే అయ్యారు, కావాలంటే చూసుకోండి, ఆ తండ్రితనం గడ్డం పెంచుకుని మీ ముందు నిలబడింది. తర్వాత మైకు కింద పెట్టి, ఆ నడక.

మధ్యలో రెండు పిట్టకథలు తగ్గాయని సాయంత్రం పార్లర్ అక్క దగ్గరికి వెళ్ళాను. ఎవరికో జుట్టుకి రంగు పూస్తూ చెప్పింది. మాస్టారు తన పక్క సీటు బ్రేకు ఎప్పుడూ తొక్కేవారు కాదట. నేను నవ్వాను. నా క్లాసుల్లో ఆయన కాలు బ్రేకు మీంచి లేచిందే లేదు. ముందు అల్లంత దూరంలో బస్సు కనపడితే బ్రేకు. పిట్ట రోడ్డు మీద వాలితే బ్రేకు. పిట్ట ఎగిరిపోయాక కూడా, ఎందుకైనా మంచిదని, బ్రేకు.

ఊరుకో తమ్ముడూ అంది అక్క. తను మొదటి వారంలోనే డ్రమ్ము గుద్దిందట, రెండో వారంలో గ్రౌండ్ గోడ గీకిందట, మాస్టారు పక్కన చేతులు కట్టుకుని సినిమా చూసినట్టు చూశారట. గుద్దితేనే గుర్తుంటుంది తల్లీ అన్నారట. ఫార్మసీ కుర్రాడికి ఫోన్ చేసి అడిగాను. వాడూ అదే మాట. వాడు డ్రమ్ములు మూడు గుద్దాడట, గర్వంగా చెప్పాడు.

అంటే ఆ స్కూలు పుట్టాక అంత చెత్తగా కారు నడిపినవాణ్ణి నేనొక్కణ్ణే. పోయాక కూడా నన్ను అవమానించే శక్తి మిగుల్చుకున్నాడు.

మార్చి 12

అమ్మకి చెప్పాను. డ్రైవింగ్ నేర్చుకుంటున్నానని తెలుసు, ఎవరి దగ్గరో తెలియదు. అమ్మ బీన్స్ తరుగుతోంది. కత్తి ఆగలేదు. ఎప్పుడు అంది. చెప్పాను. పిల్లకెన్నేళ్ళు అంది. చెప్పాను. జడలు వేసేవాడన్నాను. అప్పుడు ఆగింది కత్తి. ఆయనా, జడలా అని రెండుసార్లు అడిగింది.

ఉపన్యాసం ఆఖరి పేరా చదివి వినిపించాను, గొంతు పెంచి, చెయ్యి ఊపి. అమ్మ బీన్స్ గిన్నెలోకి తోసింది. ఆ పిల్ల ముందు వరసలో కూర్చుంటుందిరా అంది. నేను ఆ పేరా మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. నీ ఇష్టం, ఇరవై నాలుగేళ్ళొచ్చాయి నీకు అంది.

నీ ఇష్టం అని అమ్మ అన్న పని ఒక్కటి కూడా నేను ఇంతవరకు చెయ్యలేకపోయాను. ఈసారి చేసి చూపిస్తాను.

మార్చి 14

చొక్కా ఇస్త్రీ చేశాను. కాగితం జేబులో పెట్టాను. గడ్డం కత్తిరించలేదు, సాక్ష్యం గనక.

మార్చి 15, ఆదివారం, సాయంత్రం

వరసగా రాస్తాను. పెన్ను గుచ్చుకుని కాగితం చిరుగుతోంది, కోపంతో. కోపంతోనే.

గ్రౌండ్లో డ్రమ్ముల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. తెల్ల కారు పక్కన ఆపి ఉంది, వెనక అద్దం మీంచి ఆయన అందరినీ చూసి నవ్వుతున్నాడు. వేరే ఫోటో పెట్టే పని తప్పింది. ముందు వరసలో పాప. రెండు జడలు, ఒకటి చెవి పైన, ఒకటి మెడ మీద. నాన్న వేసినట్టు లేవు అని వాళ్ళమ్మ మీద గునుస్తోంది. నిన్నటి నుంచి దీనిదే గొడవండీ అని మేడమ్ పక్కావిడతో చెప్పుకుంటోంది.

మాట్లాడినవాళ్ళంతా ఆయన గొంతు అనుకరించారు. క్లచ్ మెల్లగా వదులు నాన్నా. అద్దం చూడు నాన్నా. భయపడకు నాన్నా, నేనున్నాగా. ఒక రిటైర్డ్ లెక్చరర్‌ని కూడా నాన్నా అనేవాడట. ఫార్మసీ కుర్రాడు ఆ మాట అనబోయి మధ్యలో ఏడ్చేశాడు. వాళ్ళని వెక్కిరిద్దామని నేనూ మనసులో ఆయన గొంతు తెచ్చుకోబోయాను. నాకు గుర్తొచ్చినవి వేరు. క్లచ్ వదలండి. అద్దం చూడండి. నన్ను ఆయన ఒక్కసారి కూడా నువ్వు అనలేదు. నా గడ్డానికి ఇచ్చిన గౌరవం అనుకున్నాను ఇన్నాళ్ళూ.

తర్వాత మేడమ్ లేచింది. ఊరందరికీ నేర్పిన మనిషి నాకు మాత్రం నేర్పలేకపోయారండీ అంది. పెళ్ళయిన కొత్తలో వారం రోజులు ప్రయత్నించారట. బండి కదిలితే బ్రేకు, కదలకపోయినా బ్రేకు. మీరు నేర్పుతున్నారా, ఆపుతున్నారా అని తను నడిరోడ్డు మీద దిగి పోట్లాడిందట. అప్పుడాయన అన్నారట, బయటివాళ్ళయితే నా కాలు నా మాట వింటుంది, నావాళ్ళు స్టీరింగ్ పట్టుకుంటే వినదు, నేనేం చెయ్యను అని. మర్నాడే తనని చిన్న మాస్టారికి అప్పజెప్పారట.

అందరూ నవ్వారు. పార్లర్ అక్క వెనక్కి తిరిగి, మరి నీకెందుకు తమ్ముడూ అంత బ్రేకు, పోయిన జన్మలో చుట్టానివా అని అందరికీ వినపడేలా అడిగింది. ఇంకా నవ్వారు.

మేడమ్ నవ్వలేదు. మైకు పట్టుకుని అలాగే నా వైపు చూసింది, నా గడ్డం వైపు, నుదుటి వైపు. తర్వాత నా పేరు పిలిచింది. ఆయన పెట్టిన పేరు.

నేను వెళ్ళి నిలబడ్డాను. జేబులోంచి కాగితం తీశాను. అక్షరాలు బాగానే కనపడుతున్నాయి. ముందు వరసలో పాప కిందకి జారిపోతున్న జడని చేత్తో పట్టుకుని, ఇప్పుడు ఈయన నవ్విస్తాడట అని పక్కపిల్లకి చెబుతోంది. నోరు కాస్త తెరిచి పెట్టుకుంది, నవ్వడానికి రెడీగా. ముందు పన్ను లేదు. ఎప్పుడో ఊడిపోయినట్టుంది. ఆయన చూశాడో లేదో.

కాగితం మడిచాను. చివరికి నా నోట్లోంచి ఊడిపడింది ఇది: మాస్టారు నాకు రివర్స్ నేర్పకుండానే వెళ్ళిపోయారు, చెప్పకుండా వెళ్ళిపోవడం ఆయనకి కొత్త కాదు.

ఇది బాంబు అనుకున్నాను. సగం బాంబు అయినా అనుకున్నాను. జనం కళ్ళు తుడుచుకున్నారు. రిటైర్డ్ లెక్చరర్ లేచి నన్ను కౌగిలించుకుని, ఎంత లోతుగా చెప్పావు నాన్నా అన్నాడు. చప్పట్లు కూడా కొట్టారు. రిహార్సల్ చేసిన నడకకి చోటే లేదు, కుర్చీలు అడ్డం.

మార్చి 16

తెలుసు. ఆ మనిషికి తెలుసు. పేరు చెప్పినప్పుడే తెలుసు. అందుకే కళ్ళజోడు.

తెలియకపోయి ఉంటే పోనీలే అనుకునేవాణ్ణేమో. తెలిసి, గేరు కర్రకి అటు ఆయన, ఇటు నేను, నెలల తరబడి మోకాలూ మోకాలూ తగిలేంత దగ్గర కూర్చుని, పాప పన్ను గురించి చెప్పాడు! ఒక్క మాట. ఒకే ఒక్క మాట అనడానికి ఎన్ని ఎర్ర లైట్లు పడ్డాయి మా ఇద్దరికీ. ఒక్కో సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగాం. ఏం చేశాడు? చేపని పక్కకి జరిపాడు.

ఇంతకంటే నీచం ఉందా. వదిలేసిన కొడుకుని గుర్తుపట్టి, మీరు అని పిలిచి, క్లచ్ గురించి మాట్లాడటం.

నేనూ ఏమీ అనలేదు, నిజమే. కానీ నేను విద్యార్థిని.

మార్చి 17

అమ్మకి బ్రేకు సంగతి చెప్పాను. తను కూడా ఒకప్పుడు ఆయన పక్కన స్టీరింగ్ పట్టుకుందట. నడిరోడ్డు మీద దిగి బస్సెక్కి ఇంటికొచ్చేసిందట. పోట్లాడలేదా అన్నాను. బస్సు వస్తోందిరా, పోట్లాడే టైమెక్కడిది అంది.

రాత్రి బట్టలు మడతపెడుతూ అంది, ఆ మనిషికి కాలికున్న ధైర్యం నోటికి ఎప్పుడూ లేదు అని. అని, నా చొక్కా జేబులోంచి ఉపన్యాసం కాగితం తీసి, చదవకుండా నాకిచ్చేసింది.

అమ్మ అన్న ఆ వాక్యం నేను రాసి ఉండాల్సింది. రక్తం తీసేవాళ్ళ ముందు ప్రకటనలు రాసేవాళ్ళం దండగ.

మార్చి 24

మిగిలిన క్లాసులు చిన్న మాస్టారు పూర్తి చేస్తానన్నాడు. వెళ్ళాను. రివర్స్ వేశాను. చేప ఊగింది. డ్రమ్ము వైపు పోతున్నానని తెలుస్తూనే ఉంది. పక్క సీటు కాలు వైపు చూశాను. చిన్న మాస్టారి కాలు హాయిగా నేల మీద ఉంది. చేతులు కట్టుకుని సినిమా చూస్తున్నాడు.

డ్రమ్ముని గుద్దాను. పెద్ద చప్పుడు.

ఎవరూ ఆపలేదు.

ఆ తర్వాత అరగంటలో రివర్స్ వచ్చేసింది. అంత సులువు. ఇన్నాళ్ళూ ఆయన కాలే అడ్డం. కారుని రెండు డ్రమ్ముల మధ్య నీటుగా నిలబెట్టి, తాళం చిన్న మాస్టారి చేతిలో పెట్టాను. థాంక్స్ అన్నాను. అక్కడితో ఆపాను. చిన్న మాస్టారు ఏంటలా చూస్తున్నావు అన్నాడు.

ఏప్రిల్ 2

టెస్టు పాసయ్యాను. పక్క సీట్లో ఇన్‌స్పెక్టర్ ఒక్కసారి కూడా బ్రేకు తొక్కలేదు, ఆవలించాడు. నావాడు కాదు గనక.

స్కూలుకి వెళ్ళి మేడమ్‌కి చెప్పాను. టీ తెప్పించింది. ఎదురుగా కూర్చుని చాలాసేపు గాజు గ్లాసు తిప్పుతూ ఉంది. తర్వాత అంది, ఆయన ఇంటికొచ్చి స్టూడెంట్ల గురించి ఎప్పుడూ మాట్లాడేవారు కాదు బాబూ, నీ గురించే మాట్లాడేవారు అని.

టీ పొలమారింది. ఏమనేవారు అన్నాను, మామూలుగా, టీ బాగుందా అన్నంత మామూలుగా.

ఆ కుర్రాడు అద్దం చూడడు అనేవారట. అన్నం తింటూ ఒకటే గొణుగుడట. ముందు బాగానే చూస్తాడు, వెనక ఏముందో చూసుకోడు, ఎవడైనా వచ్చి గుద్దితే ఎలా అని. వెళ్ళి ఆ మాట అతనికే చెప్పండి అంటే, చెప్తాలే, ఆఖరి క్లాసులో చెప్తాలే అనేవారట.

ఇద్దరం ఆఖరి క్లాసు కోసమే దాచుకున్నామన్నమాట. పిరికి సన్నాసులు ఇద్దరు, ఒకే కార్లో, ఒకే రోజు కోసం. నవ్వొచ్చింది. నవ్వాను కూడా. మేడమ్ ఏమిటని అడగలేదు. వెళ్ళేటప్పుడు, అప్పుడప్పుడూ వస్తుండు, పాపకి సైకిల్ నేర్పేవాళ్ళు లేరు, నాకా దడ అంది.

నా కన్నతండ్రి నా గురించి అన్నట్టు రికార్డుల్లో మిగిలిన మాట ఇదొక్కటి. అద్దం చూడడు. ఇందుకు ఆయన్ని క్షమించే ప్రశ్నే లేదు. ఇంటికొచ్చేటప్పుడు స్కూటర్ అద్దాలు సరిచేసుకున్నాను, అవి ఎటూ వంకరగా ఉన్నాయి గనక.

ఏప్రిల్ 5

గ్రౌండ్లో పాప సైకిల్ తొక్కుతోంది. నేను కార్లో, పక్క సీట్లో కూర్చున్నాను. నీడ అటువైపుంది, వేరే కారణం లేదు.

పాప డ్రమ్ముల మధ్య మలుపు వేగంగా తిరిగింది. పడలేదు.

కారు వెనక నుంచి మేడమ్ పిలిచింది. బండి ఆపే ఉందిగా బాబూ, ఎర్ర లైటు వెలుగుతోందేంటి అంది.

స్ప్రింగు లూజైంది మేడమ్ అన్నాను. పాప ఇంకో మలుపు తిరగాల్సి ఉంది.